చారల ఈగల్లో ఏది ఏ జాతి? సిర్ఫిడ్ ఈగలను గుర్తుపట్టే పద్ధతి

పూల ముందు గాలిలో ఒకేచోట నిలబడే పసుపు-నలుపు ఈగలకు చారలు చూసి పేరు పెట్టేయకండి. ముందు రెక్క చూడండి. ఒక్క జతే ఉంటే ఈగ. తేనెటీగకూ కందిరీగకూ రెండు జతలు. రెక్క మధ్యలో, పక్క ఈనెలతో కలవకుండా సాగే మడతలాంటి గీత ఉంటే దాదాపు ఖాయంగా సిర్ఫిడే. పదిరెట్ల లెన్సు చాలు.

తర్వాత తల వెనక భుజాలు. నున్నగా ఉంటే సిర్ఫినే ఉపకుటుంబం. వీటి పిల్లపురుగుల్లో ఎక్కువ భాగం పేనుబంకను తింటాయి. వెంట్రుకలుంటే చాలావరకు ఎరిస్టాలినే ఉపకుటుంబం.

ఎపిసిర్ఫస్ బాల్టియేటస్ అనే జాతిని గుర్తుపట్టడం తేలిక: పొట్ట 3, 4 ఖండాల మీద వెనక అంచున వెడల్పు నల్లపట్టీ, దాని ముందు మీసంలా సన్నని పట్టీ. అయితే ప్యూపా దశ చలిలో గడిస్తే పట్టీలు ముదిరి పసుపు తగ్గిపోతుంది. రంగును మాత్రమే నమ్మినవారు పొరబడేది ఇక్కడే. ఇస్కియోడాన్ అనే ప్రజాతిలో (ప్రజాతి అంటే దగ్గరి జాతుల గుంపు) మగ ఈగ వెనక కాలి మొదట్లో మేకులాంటి పొడుగాటి ముల్లు ఉంటుంది, పక్కనుంచి తీసిన ఫొటో కావాలి.

అసలు చిక్కు పారాగస్ అనే ప్రజాతితోనే. చిన్నవి, కంటి మీద తెల్లని నూగు. ఆ నూగు నిలువు చారలుగా ఉందా, అంతటా సమంగా ఉందా అన్నది ఉపప్రజాతిని తేలుస్తుంది. జాతి తేలాలంటే మగదాని జననాంగాలను విడదీసి మైక్రోస్కోపు కింద చూడాల్సిందే. ఆడ ఈగ ఫొటో ఒక్కటే ఉంటే ‘పారాగస్ ప్రజాతి’ అని రాసి ఆపండి.