సంతకాన్ని చివర చూడు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

అమెరికాలో బానిసత్వ నిర్మూలనకు పోరాడిన సంస్కర్తల పాత ఫొటోలను, వారి సంతకాలతో ఉన్నవాటిని సేకరించాలనుకుంటున్నట్టు రాశావు. సంతోషం. అయితే ఏ కార్డు చేతికొచ్చినా సంతకాన్ని అన్నింటికన్నా చివర చూడు. ధర పెంచేది అదే కనుక మోసం జరిగేదీ అక్కడే.

నీకు ఎక్కువగా తగిలేవి 1860ల నాటి కార్ట్ డి విజిట్‌లు, అంటే చిన్న ఫొటో కార్డులు. సుమారు రెండున్నర అంగుళాల వెడల్పు, నాలుగు అంగుళాల ఎత్తు ఉన్న అట్టపై, గుడ్డు తెల్లసొన పూసిన పలుచని కాగితం మీద తీసిన ఫొటోను అతికించేవారు. అట్ట వెనక స్టూడియో పేరుతో పాటు ఒక్కోసారి రెవెన్యూ స్టాంపు కూడా ఉంటుంది. అంతర్యుద్ధపు ఖర్చుల కోసం 1864 సెప్టెంబరు నుంచి 1866 ఆగస్టు 1 దాకా అక్కడి ప్రభుత్వం ఫొటోల అమ్మకంపై పన్ను వేసింది కాబట్టి, స్టాంపును బట్టి కార్డు అమ్ముడైన కాలం తెలిసిపోతుంది. బానిసత్వంపై ఆయుధం పట్టిన జాన్ బ్రౌన్‌ను 1859 డిసెంబరు 2న ఉరితీశారు. ఆయన కార్డుకు వెనక ఆ స్టాంపు, ముందు ‘స్వదస్తూరి’ కనిపిస్తే నువ్వు భూతద్దం తీయనక్కరలేదు, ఆయన పోయాక అమ్ముడైన కార్డుపై ఆయన సంతకం ఉండదు.

ఆ వ్యక్తికి అసలు రాయడం వచ్చా అన్నది తరువాతి ప్రశ్న. బానిసగా పుట్టిన సోజర్నర్ ట్రూత్ చదవడం, రాయడం నేర్చుకోలేదు. అయినా తన ఫొటోలను తానే అమ్ముకొని బతికింది, 1864లో వాటి కాపీరైటును తన పేరనే తీసుకుంది. నీడను, అంటే ఫొటోను అమ్మి అసలు మనిషిని పోషించుకుంటున్నానని అర్థమిచ్చే వాక్యం, దానితో పాటు ఆమె పేరు ఆ కార్డులపై అచ్చులో ఉంటాయి. ఆ పేరును సంతకమని పొరబడకు. బానిసత్వం నుంచి తప్పించుకొని ఎందరినో విడిపించిన హారియెట్ టబ్మన్‌కూ చదువు లేదు. వీరి కార్డులను సంతకం లేకుండానే కొను. నన్నడిగితే సంతకాలున్న చాలా కార్డుల కన్నా ట్రూత్ కార్డే గొప్పది, ఎందుకంటే ఒకనాడు సొత్తుగా అమ్ముడైన మనిషి తన రూపంపై హక్కు తనదేనని రాయించుకున్న పత్రమది.

విలియం లాయిడ్ గారిసన్, వెండెల్ ఫిలిప్స్, ఫ్రెడరిక్ డగ్లస్ వంటి సంస్కర్తల విషయం వేరు. వారు ఉత్తరాలు విరివిగా రాశారు. బోస్టన్ పబ్లిక్ లైబ్రరీ, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆన్‌లైన్‌లో ఉంచిన లేఖలతో దస్తూరిని పోల్చు. కలంతో చేసిన సంతకంలో ఒత్తిడిని బట్టి గీత లావవుతుంది, సన్నబడుతుంది, మలుపుల్లో సిరా చిక్కబడుతుంది. తొందరపడి ఒక వేలంలో నేను కొన్న, బానిసత్వాన్ని వ్యతిరేకించిన సెనేటర్ చార్లెస్ సమ్నర్ కార్డును ఇంటికొచ్చి భూతద్దంతో చూస్తే గీతలన్నీ చదునుగా, ఒకే నలుపులో ఉన్నాయి. అది అచ్చు వేసిన నకలు. మీ అత్తయ్య ఇప్పటికీ ఎత్తిపొడుస్తూనే ఉంటుంది.

కొన్నవాటిని పాలియెస్టర్ కవర్లలో పెట్టు. పీవీసీ కవర్లు, లామినేషన్ వద్దు. వెలుతురుకు సిరా, ఫొటో రెండూ వెలిసిపోతాయి కనుక గోడకు నకలునే తగిలించు.

మొదటి కార్డుకు డబ్బు కట్టే ముందు దాని రెండు వైపుల ఫొటోలూ నాకు పంపు.

ఇట్లు,
మీ మామయ్య