గ్యాప్ తగ్గించే ముందు

చిరంజీవి అమ్మాయికి,

గ్యాస్ టర్బైన్ టీమ్‌లో నిన్ను టిప్ క్లియరెన్సుల (తిరిగే బ్లేడు కొనకీ చుట్టూ ఉన్న కేసింగ్‌కీ మధ్య గ్యాప్) పని మీద వేశారని మీ నాన్న చెప్పాడు. గర్వంగా ఉంది. అంతకు మించి గుబులుగా ఉంది. అందుకే ఈ ఉత్తరం.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. గాలి ఫిల్టర్ల దగ్గర పిసినారితనం వద్దు, సన్నటి దుమ్ము బ్లేడు కూలింగ్ రంధ్రాల్ని పూడ్చేస్తుంది. ఇంధన గ్యాస్‌ని డ్యూ పాయింట్ (గ్యాస్‌లోంచి ద్రవం చుక్క కట్టడం మొదలయ్యే ఉష్ణోగ్రత) కంటే 28 సెల్సియస్ డిగ్రీలైనా పైన ఉంచండి, లేకపోతే ద్రవం చుక్కలుగా బర్నర్లలోకి వస్తుంది. ఇంధనం మండే గది, అదే కంబస్టర్, సగటు ఉష్ణోగ్రత చూసి మురిసిపోకు. వేడి గ్యాస్‌ని బ్లేడ్ల మీదికి మళ్లించే కదలని వేన్‌ని కాల్చేది సగటు కాదు, దాని మీద పడే ఆ ఒక్క వేడి చార.

ఇక అసలు సంగతి. ఫుల్ లోడ్‌లో మెషిన్ నిలకడపడ్డాక ఉండే గ్యాప్ చూసి, అదే ఆధారంగా క్లియరెన్స్ బిగించేయడం చాలా పాత తప్పు. తెలివైనవాళ్లే చేస్తారు, ఎందుకంటే ఆశ పెద్దది. బ్లేడు ఎత్తులో 1 శాతం గ్యాప్ పెరిగితే ఆ స్టేజి సామర్థ్యం ఇంచుమించు 1 నుంచి 2 శాతం పోతుంది. కానీ గ్యాప్ అతి తక్కువయ్యేది చాలాసార్లు ఫుల్ లోడ్‌లో కాదు, హాట్ రీస్టార్ట్‌లో, అంటే ఆగిన మెషిన్ పూర్తిగా చల్లారకముందే మళ్లీ లేపినప్పుడు.

మెషిన్ ట్రిప్పయింది, అంటే ఉన్నట్టుండి ఆగిపోయింది అనుకో. పల్చటి కేసింగ్ త్వరగా చల్లారి ముడుచుకుంటుంది. మందపాటి డిస్కులు గంటల తరబడి వేడిగానే ఉంటాయి. ఒకటి రెండు గంటలకే గ్రిడ్ వాళ్లు మళ్లీ లేపమంటారు. 3000 ఆర్‌పీఎంకి చేరేసరికి డిస్కూ బ్లేడూ వేగానికి సాగుతాయి, మంట తగిలి బ్లేడు ఇంకా పెరుగుతుంది, కేసింగ్ మాత్రం ఇంకా ఇరుకుగానే ఉంటుంది. అక్కడ రాసుకుంటుంది. పైగా ఆగి ఉన్నప్పుడు వేడి పైకి చేరి కేసింగ్ నడుము పైకి వంగుతుంది. అప్పుడు కింది వైపు గ్యాప్ తగ్గుతుంది, చుట్టూ సగటు తీస్తే అది కనపడదు.

కంబైన్డ్ సైకిల్లో, అంటే టర్బైన్ వదిలే వేడితో బాయిలర్‌లో ఆవిరి చేసి దాంతోనూ కరెంటు తీసేచోట, ఇంకోటుంది, దీన్నే మర్చిపోతారు. మంట పెట్టే ముందు వెనకున్న హీట్ రికవరీ బాయిలర్‌ని పర్జ్ చేస్తారు, అంటే మిగిలిన ఇంధన గ్యాస్ పోయేలా గాలితో ఊదుతారు. ఆ నిమిషాలన్నీ టర్బైన్‌లోంచి చల్లగాలే పోతుంది, కేసింగ్ ఇంకా చల్లబడుతుంది. ఆ బాయిలర్ లేని సింపుల్ సైకిల్ లెక్క తెచ్చి ఇక్కడ అతికించావో, నా చేతిలో తిట్లు తింటావు!

ఒకసారి రాసుకుంటే అరిగిన చివర తిరిగి రాదు. మిగిల్చామనుకున్న సామర్థ్యం శాశ్వతంగా పోతుంది. అరిగిన లోహం కొన దగ్గరి కూలింగ్ రంధ్రాల మీద పూతలా పరుచుకుంటే ఆ బ్లేడు కొన కాలిపోతుంది.

కాబట్టి కోల్డ్ స్టార్ట్, ఫుల్ లోడ్, ట్రిప్, తర్వాత 1, 2, 4, 8 గంటలకు రీస్టార్ట్, అన్నీ పర్జ్‌తో సహా లెక్కగట్టు. కేసింగ్ గుండ్రం తప్పడం, బేరింగ్‌లో రోటర్ లేవడం, తయారీ టాలరెన్సులు కలుపు. అప్పటి కనిష్ఠమే నీ హద్దు. రింగ్ సెగ్మెంట్ల (బ్లేడు కొనలకు ఎదురుగా కేసింగ్ లోపల ఉండే పలకలు) మీద, బ్లేడు తగిలితే తానే అరిగే పూత వేయించు. టర్బైన్ మార్గం శంకువు ఆకారంలో ఉంటే, మెషిన్ పూర్తిగా వేడెక్కాక హైడ్రాలిక్‌గా రోటర్‌ని కంప్రెసర్ వైపు జరిపి గ్యాప్ తగ్గించవచ్చు. కంప్రెసర్‌లో కాస్త పెరుగుతుంది, నికరంగా లాభమే.

మీ లీడ్ ఇంకాస్త తగ్గించమంటే ఎదురు మాట్లాడకు, రెండు గంటల రీస్టార్ట్ కర్వ్ ముందు పెట్టు. అది వచ్చాక నాకూ పంపు. రాత్రిళ్లు మేలుకుని మాత్రం చేయకు తల్లీ.

ఆశీస్సులతో,
పెదనాన్న