కొత్త కారు తలుపుకు మళ్లీ రంగు: తేలాల్సింది ఎప్పుడు వేశారన్నదే

ప్రశ్న: మా నాన్నగారు పదవీ విరమణ డబ్బుతో ఇరవై నెలల క్రితం నాకు రూ.11.60 లక్షల కారు కొనిచ్చారు. రంగు ముత్యపు తెలుపు. మొదటి నెలలోనే ఎడమవైపు వెనక తలుపు రంగు ముందు తలుపుతో కలవడం లేదని గమనించి, షోరూం వాళ్లకు వాట్సాప్‌లో ఫోటోలు పంపాను. ఆ తలుపు దగ్గర సందు కూడా కుడివైపు కంటే ఎక్కువగా ఉంది. వాళ్లు రెండుసార్లు పాలిష్ చేసి, ఎండకు అలా కనిపిస్తుందన్నారు. ఇటీవల బయటి పెయింటింగ్ మేస్త్రి చూసి, ఈ తలుపుకు మళ్లీ రంగు వేశారని చెప్పాడు. అప్పటి నుంచి నాన్నగారు కారు ఎక్కడం మానేశారు. చిన్న ప్రమాదం జరిగిందని బీమా క్లెయిమ్ పెడితే కొత్త తలుపు వేయిస్తామని షోరూం ఉద్యోగి అంటున్నాడు. కొత్త కారు, మానసిక క్షోభకు పది లక్షలు అడగవచ్చా? – ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీ ఉత్తరాన్ని ఇక్కడ కుదించి ఇచ్చాం. అందులో ఎక్కువ భాగం నాన్నగారి బాధ గురించే ఉంది. మీ కేసు దాని మీద నిలబడదు. ఆ తలుపుకు రంగు, కారు మీ చేతికి రాకముందు వేశారా, వచ్చాక వేశారా? ఈ ఒక్క ప్రశ్నే మొత్తం తేలుస్తుంది. ముందే వేసి ఉంటే, బాగుచేసిన వస్తువును కొత్తదని అమ్మినట్టే. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(47) దీన్ని అనుచిత వ్యాపార పద్ధతిగా చెబుతోంది. తర్వాత వేశారని వాళ్లు నమ్మించగలిగితే మీకు ఏమీ మిగలదు.

ముందుగా, మళ్లీ రంగు వేశారన్నది రుజువు కావాలి. మేస్త్రి నోటిమాట సాక్ష్యం కాదు. రంగు మందం కొలిచే మీటరుతో ఇనుప భాగాలన్నింటినీ, ఒక్కోదాన్ని నాలుగైదు చోట్ల కొలిపించండి. ఫ్యాక్టరీలో వేసిన రంగు సాధారణంగా 80 నుంచి 150 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మధ్య ఉంటుంది. తయారీదారును బట్టి ఇది మారుతుంది కాబట్టి మీ కారు భాగాలనే ఒకదానితో ఒకటి పోల్చాలి. మిగతావన్నీ 110 దగ్గర ఉండి ఈ తలుపు ఒక్కటే 250 దాటితే మళ్లీ రంగు పడినట్టే. 500 పైన ఉంటే లోపల సొట్ట పూడ్చిన పుట్టీ ఉందని గట్టిగా అనుమానించాలి. రబ్బరు బీడింగు అంచున రంగు తుంపర, తలుపు కీలు బోల్టుల మీద స్పానర్ గీతలు ఉన్నాయేమో దగ్గరగా ఫోటోలు తీయించండి. కొలిచిన వ్యక్తి సంతకంతో నివేదిక, దానికి తోడు అతని ప్రమాణ పత్రం తీసుకోండి. సందు తేడా ఒక్కదాన్నే పట్టుకుని వాదించకండి. కీలు సర్దుబాటుతో పోయే లోపం అంటారు, అది నిజమే కావచ్చు. బంపర్ జోలికి అసలు వెళ్లవద్దు. అది ప్లాస్టిక్, ఈ మీటరు దాని మీద పనిచేయదు. పైగా ముత్యపు రంగుల్లో ప్లాస్టిక్‌కూ ఇనుముకూ కాస్త తేడా కనిపించడం మామూలే. బలహీనమైన ఆరోపణను చేరిస్తే బలమైనదీ పలుచనవుతుంది.

మీటరు రంగు ఎంత మందమో చెబుతుంది, ఎప్పుడు వేశారో చెప్పదు. ఇక్కడ మీ అజాగ్రత్త మీకే అడ్డం వస్తోంది. సాయంత్రం దీపాల వెలుగులో కారు చూసి, 'మంచి స్థితిలో అందుకున్నాను' అన్న కాగితం మీద సంతకం పెట్టానని రాశారు. రెండుసార్లు పాలిష్‌కు కారు అప్పగించి ఒక్కసారీ జాబ్ కార్డు (వర్క్‌షాపులో చేసిన పని రాసిచ్చే కాగితం) అడగలేదు. పదకొండు లక్షల కారు తీసుకున్న మనిషి ఒక కాగితం అడగడానికి మొహమాటపడితే ఎలా? ఆ కాగితాలు ఉంటే ఈ ఉత్తరంలో సగం అవసరం ఉండేది కాదు.

మిమ్మల్ని కాపాడేది మొదటి నెల వాట్సాప్ సందేశమే. ఆ ఫోన్ మార్చకండి, సందేశాలు చెరపకండి. ఫోటోలు, సందేశాల ప్రతులతో పాటు ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావాల్సిన, భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జతచేయండి. కారు కొన్నప్పటి నుంచి ఈ రోజు వరకు సొంత నష్టం క్లెయిమ్ (మీ కారుకు తగిలిన దెబ్బకు పెట్టేది) ఏదీ లేదని బీమా సంస్థ నుంచి లిఖితపూర్వకంగా తెచ్చుకోండి. మీరే ఎక్కడో గుద్దుకుని రంగు వేయించుకున్నారని షోరూం అనడం ఖాయం. దానికి మీ జవాబు బీమా సంస్థ ఇచ్చే ఆ ఉత్తరమే.

ఇప్పుడు ఆ ఉద్యోగి సలహా మాట. ఎట్టి పరిస్థితుల్లోనూ ఆ క్లెయిమ్ పెట్టవద్దు. జరగని ప్రమాదానికి తేదీ, చోటు రాసి మీరు సంతకం పెడితే అది బీమా సంస్థను మోసగించడమే, నేరమే. దానికి మించి, ఈ తలుపు మీ చేతిలో ఉండగానే దెబ్బతిన్నదని మీరే రాసిచ్చినట్టు అవుతుంది. పాత తలుపు తీసేస్తారు, దాంతో పరీక్షించడానికి వస్తువే ఉండదు. కేసు పోయేది మీకు, తప్పించుకునేది వాళ్లు. ఆ సలహాను ఆయన సందేశంగా పంపి ఉంటే మాత్రం భద్రంగా దాచండి. బయట రంగు వేయించడం, కారు అమ్మేయడం కూడా ఇప్పుడు వద్దు.

ఫిర్యాదుకు గడువు వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం రెండేళ్లు. మీకు మిగిలింది నాలుగు నెలలు. మధ్యలో పాలిష్ చేశారని, చూస్తామన్నారని గడువు పెరగదు. మేస్త్రి చెప్పాకే తెలిసిందని వాదించడానికి మీ వాట్సాప్ సందేశమే అడ్డు. ఆలస్యాన్ని మన్నించే అధికారం వినియోగదారుల కమిషన్‌కు ఉన్నా, దాన్ని నమ్ముకుని కూర్చోకండి.

ఈ వారమే షోరూంకు, తయారీ సంస్థకు స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. ఛాసిస్ నంబరు రాసి, డెలివరీకి ముందు చేసిన తనిఖీ పత్రం, రవాణా లారీ నుంచి దించినప్పటి నష్టాల నమోదు, స్టాక్ యార్డు రికార్డు, వర్క్‌షాపు రికార్డు ఇవ్వమని అడగండి. ఇలాంటి దెబ్బలు తరచూ రవాణాలోనో యార్డులోనో తగులుతాయి. ఆ జాడ ఉంటే వాళ్ల కాగితాల్లోనే ఉంటుంది. పదిహేను రోజుల్లో ఇవ్వకపోతే ఫిర్యాదుతో పాటే ఆ పత్రాలు తెప్పించమని, నిపుణుడితో కారు పరీక్ష చేయించమని కమిషన్‌ను కోరండి. దాచిపెడితే వాళ్లకు వ్యతిరేకంగా భావించమని అడగవచ్చు.

షోరూంను మొదటి ప్రతివాదిగా పెట్టండి. డీలరు చేసిన తప్పుకు తయారీదారును బాధ్యుడిని చేయాలంటే అతని పాత్ర చూపించాలని టాటా మోటార్స్ – ఆంటోనియో పాలో వాజ్ కేసులో 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. కొత్త కారు కావాలని పట్టుబట్టకండి. ఒక భాగంలో లోపానికి బండి మొత్తం మార్చమనడం సరికాదని 2006లో మారుతీ ఉద్యోగ్ – సుశీల్ కుమార్ గబ్గోత్రా తీర్పులో అదే కోర్టు అన్నది. మీది మోసం కేసు కాబట్టి కారు మార్పిడిని ప్రధాన కోరికగా రాసినా, ప్రత్యామ్నాయంగా కంపెనీ తలుపు, దానికి సరైన రంగు, తగ్గిన పునఃవిక్రయ విలువ, సహేతుకమైన పరిహారం, ఖర్చులు తప్పక అడగండి. పది లక్షల మానసిక క్షోభ అన్న అంకె కొట్టేయండి. దాన్ని చూసి మిగతా కోరికలనూ అనుమానిస్తారు.

మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు, షోరూం ఎక్కడున్నా సరే. వినియోగదారుల ఫిర్యాదుల కోసం ప్రభుత్వం పెట్టిన ఈ-జాగృతి పోర్టల్ ద్వారా కూడా దాఖలు చేయవచ్చు. కారుకు చెల్లించిన ధరను బట్టి రుసుము రూ.400. నోటీసు ప్రతి, పోస్టు రసీదు, మీటరు నివేదిక, బీమా సంస్థ ఉత్తరం సిద్ధం కాగానే వేసేయండి. నాలుగో నెల దాకా ఆగవద్దు.