బుజ్జీ, టియర్‌డ్రాప్ ట్రైలర్ తీసుకెళ్ళే ముందు ఇది చదువు

బుజ్జీ,

అల్లుడు నిన్న ఫోన్లో టియర్‌డ్రాప్ (అదే, కారు వెనక కట్టుకుని వెళ్ళే నీటి చుక్క ఆకారం చిన్న పడక బండి) అద్దెకి తీసుకుంటున్నాం పెద్దమ్మా అన్నాడు, చాలా సంతోషం, కానీ మొదటి ట్రిప్పే పడమటి టెక్సస్ చివర ఉన్న బిగ్ బెండ్ నేషనల్ పార్క్ అనేసరికి నాకు గుండె గుభేలుమంది. డాలస్ నుంచి ఉత్త కారులో వెళ్తేనే ఎనిమిది తొమ్మిది గంటలు, వెనక బండి కట్టుకుంటే ఇంకా ఎక్కువ, అక్కడికెళ్ళాక ఏదో ఒకటి మర్చిపోయామంటే కొనడానికి పెద్ద కొట్టు కూడా దగ్గర్లో ఉండదు. ముందు రే రాబర్ట్స్ లేక్ స్టేట్ పార్క్ బుక్ చెయ్యండి, అందులో ఐల్ డు బోయిస్ అనే భాగం వైపు. మీ ఫ్రిస్కో నుంచి గంట లోపే, కరెంటు ఉన్న సైట్లు, అంటే బండి ఆపుకుని దిగే చోట్లు, ఉన్నాయి, షవర్లున్నాయి, మరీ కుదరకపోతే రాత్రికి రాత్రే ఇంటికొచ్చి పడుకోవచ్చు. టెక్సస్ స్టేట్ పార్కులు ఐదు నెలల ముందు నుంచే బుకింగ్ ఇస్తాయి కాబట్టి శుక్ర శనివారాలు ముందే నిండిపోతాయి, ఆదివారం రాత్రికి చూడు, దొరుకుతుంది. జూలై ఆగస్టుల్లో మాత్రం వద్దు, ఏసీ లేని బండిలో ఉడికిపోతారు, అక్టోబరు నవంబరు బావుంటుంది.

అసలు సంగతి ఒకటి బుర్రలో పెట్టుకో. ఇది ఆర్వీ, అంటే వంటిల్లూ బాత్రూం ఉన్న ఇల్లు లాంటి బండి, కాదు. లోపల మంచం తప్ప ఏమీ ఉండదు, ఐదడుగుల వెడల్పుదైతే క్వీన్ పరుపు సరిగ్గా పడుతుంది అంతే, నిలబడలేవు, బట్టలు కూర్చునే మార్చుకోవాలి, వంట వెనక డిక్కీ తలుపు ఎత్తి బయట నిలబడి చేసుకోవాలి, బాత్రూం ఉండదు. పడుకోవడం ఒక్కటే లోపల, మిగతా బతుకంతా బయటే. అందుకని ట్రైలర్ ఎంత బావుందో చూడ్డం కన్నా బయట కూర్చోడానికి రెండు మంచి కుర్చీలు, ఎండకీ వానకీ ఒక కానోపీ ఉన్నాయా లేవా చూసుకోండి. వాన పడితే ఆ కానోపీ విలువ తెలుస్తుంది, లేకపోతే రోజంతా పరుపు మీద ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చోవాలి, కొత్త జంట కాబట్టి మీకు పర్లేదేమోలే.

ఇంక బండి తగిలించడం, ఇది మాత్రం జాగ్రత్తగా చదువు, అల్లుడికి కూడా చదివి వినిపించు. హిచ్ బాల్ (కారు వెనక కొక్కెం మీద ఉండే ఇనప గుండు) సైజు, ట్రైలర్ కప్లర్ (ఆ గుండు మీద కూర్చునే ట్రైలర్ ముక్కు) మీద రాసిన సైజు ఒకటేనా చూసుకోవాలి. కప్లర్ రెండంగుళాలదైతే బాల్ కూడా రెండంగుళాలే ఉండాలి, ఒకటీ ఏడు బై ఎనిమిది అంగుళాలది పెట్టినా తగిలినట్టే ఉంటుంది, లాచ్ (గడియ) కూడా పడుతుంది, రోడ్డు మీద గుంతలో ఎగిరినప్పుడు ఊడొస్తుంది. లాచ్ వేసి పిన్ను పెట్టాక ముందున్న జాక్ తిప్పుతూ ట్రైలర్ ముక్కు పైకి లేపి చూడండి, దాంతో పాటు కారు వెనక భాగం కూడా లేస్తే పట్టుకున్నట్టు, కప్లర్ ఒక్కటే పైకొస్తే పట్టుకోనట్టు. చెయిన్లు రెండూ కింద ఇంటూ గుర్తులా దాటించి తగిలించాలి, ఒకవేళ ఊడినా ముక్కు రోడ్డుకి గుద్దుకోకుండా ఆ చెయిన్ల మీద పడుతుంది. తర్వాత నువ్వు వెనక నిలబడు, అల్లుణ్ణి బ్రేకు, రెండు ఇండికేటర్లు వేయమను. టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడే చూడాలి, ఎంత ఉండాలో ట్రైలర్ మీద స్టిక్కర్ ఉంటుంది. అరవై అరవై అయిదు దాటొద్దు, వెనక వాడు హారన్ కొడితే కొట్టనీ.

సామాను సర్దడంలో కూడా ఒక కిటుకుంది. వెనక వంట అర ఖాళీగా కనిపిస్తుంది కదాని నీళ్ళ క్యాన్లు, బియ్యం, కూలర్ అన్నీ అక్కడే కుక్కేస్తారు చాలామంది, వెనక బరువెక్కి ముక్కు తేలికైపోతే హైవే మీద బండి అటూ ఇటూ ఊగుతుంది. మొత్తం ట్రైలర్ బరువులో పది నుంచి పదిహేను శాతం హిచ్ మీద పడాలి. బరువైనవి చక్రాలకి ముందువైపు పెట్టండి, నీళ్ళు కారులో పెట్టుకోండి.

రివర్స్ చేసేటప్పుడు గొడవ పడతారు, ముందే చెప్తున్నా. చిన్న ట్రైలర్ ఈజీ అనుకుంటారు గానీ చిన్నదే టక్కున మడత పడిపోతుంది. స్టీరింగ్ కింది భాగంలో చెయ్యి పెట్టి, ట్రైలర్ ఎటు పోవాలో చెయ్యి అటు జరపమను, మెల్లగా. ముందు రోజు ఏదైనా ఖాళీ పార్కింగ్ లాట్‌లో ఒక గంట ప్రాక్టీస్ చెయ్యండి. నువ్వు మిర్రర్లో కనిపించేచోటే నిలబడాలి, అరవకుండా ఫోన్లో మాట్లాడు. ఎంతకీ రాకపోతే విప్పేసి ఇద్దరూ చేత్తో నెట్టుకోవచ్చు, సైట్ చదునుగా ఉంటేనే సుమా.

సైట్‌లో ఆపాక కారుకి తగిలి ఉండగానే పక్కలకి లెవెల్ చూసి పల్లంగా ఉన్న చక్రం కింద చెక్క పెట్టండి, తర్వాత రెండు చక్రాలకీ అడ్డు దిమ్మలు పెట్టాకే విప్పండి, ముందు కాదు. ముందూ వెనకా లెవెల్ జాక్‌తో సరిచేసి చివర్లో వెనకున్న స్టాండ్లు దించాలి. ఆ స్టాండ్లు దించకుండా వెనక వైపు కూర్చున్నారంటే ముక్కు గాల్లోకి లేస్తుంది!

రాత్రి చలిగా ఉందని కిటికీలన్నీ మూసేసి పడుకోవద్దు. ఇద్దరు మనుషులు అంత చిన్న పెట్టెలో రాత్రంతా ఊపిరి వదిలితే తెల్లారేసరికి పైకప్పు నుంచి చుక్కలు మొహం మీద పడతాయి, పరుపు కింద కూడా చెమ్మే. పైన ఫ్యాన్ మూత కొద్దిగా తెరిచి, రెండు వైపులా కిటికీలు రెండు వేళ్ళ మందం తెరిచి పెట్టుకుని ఇంకో రగ్గు కప్పుకోండి. వెచ్చగా ఉంటుందని గ్యాస్ స్టవ్ లోపల వెలిగించడం మాత్రం ప్రాణాల మీదకి తెచ్చుకోవడమే, కార్బన్ మోనాక్సైడ్ వాసన ఉండదు, నిద్రలోనే పోతారు. దాని డిటెక్టర్ బటన్ నొక్కి మోగుతుందో లేదో ట్రైలర్ తీసుకునేటప్పుడే చూడండి.

తిండి సంగతికొస్తే మొదటి రాత్రి వంట పెట్టుకోకు. పులిహోర కలిపి తీసుకెళ్ళు, పెరుగన్నం, ఆవకాయ, చాలు. మర్నాడు ఉప్మాకి రవ్వ ఇంట్లోనే వేయించి, పోపు సామాను ఒకే డబ్బాలో వేసుకో. పోపు మాత్రం వెనక అరలో పెట్టొద్దు, చాలా బండ్లలో ఆ అరకీ పరుపుకీ మధ్య పల్చటి చెక్కే ఉంటుంది, ఇంగువ వాసన దిండ్లకి పట్టేస్తుంది, అద్దె బండి వాళ్ళు క్లీనింగ్ డబ్బులు వేస్తారు. స్టవ్ పిక్నిక్ టేబుల్ మీదకి తెచ్చుకో. కరెంటు సైట్ కాబట్టి రైస్ కుక్కర్ పనిచేస్తుంది, ఇండియా నుంచి తెచ్చినది కాదు, ఇక్కడి 120 వోల్ట్‌లది. గిన్నెలు కడిగిన నీళ్ళు నేల మీద పారబోయకూడదు, బకెట్‌లో పట్టి పార్కు వాళ్ళు చెప్పినచోట పొయ్యాలి. రాత్రి ఒక్క గిన్నె కూడా బయట వదలకు, రకూన్లనే చిన్న జంతువులు కూలర్ మూతలు తీసేస్తాయి. తర్వాతెప్పుడైనా యోసెమిటీ లాంటి చోటికి వెళ్తే అక్కడ ఎలుగుబంట్లు, తిండే కాదు టూత్‌పేస్ట్ కూడా ఇనప లాకర్‌లో పెట్టాలి.

కట్టెలు ఇంటి నుంచి తీసుకెళ్ళకండి, వాటిలో చెట్లని చంపే పురుగులుంటాయి, అక్కడే కొనుక్కోండి. బర్న్ బ్యాన్, అంటే మంట వేయకూడదనే నిషేధం, ఉందేమో ముందే కనుక్కో. రాత్రి పది తర్వాత పాటలు బంద్. రెస్ట్‌రూంకి నడిచే దూరంలో సైట్ తీసుకో కానీ మరీ పక్కనే వద్దు, రాత్రంతా లైటు, తలుపు చప్పుడు. మగ్గు తీసుకెళ్ళడం నీకు చెప్పక్కర్లేదనుకుంటా.

వచ్చేసేటప్పుడు ఇద్దరిలో ఒక్కరే చుట్టూ తిరిగి చూడాలి, ఇద్దరూ చూస్తే నువ్వు చూసావనుకున్నా అని ఇద్దరూ వదిలేస్తారు. పైన ఫ్యాన్ మూత, వెనక తలుపు, కరెంటు వైరు, స్టాండ్లు, దిమ్మలు. మధ్యాహ్నం పన్నెండుకల్లా ఖాళీ చెయ్యాలి.

చెక్క దిమ్మలు, లెవెల్, హిచ్ తాళం మా గరాజ్‌లో ఉన్నాయి, అనవసరంగా కొనకండి. బుకింగ్ మార్చాక చెప్పు, మీ పెదనాన్న శనివారం అటే వస్తున్నారు, తెచ్చిస్తారు.

పెద్దమ్మ