బడి భవనం: ఖర్చు ప్లాన్ కాగితం మీదే తేలాలి

ప్రశ్న: మా ప్రభుత్వ పాఠశాలకు 12 తరగతి గదుల కొత్త భవనం కట్టాలి. తొలి అంచనా చేతిలో ఉన్న నిధుల కంటే 18 శాతం ఎక్కువ వచ్చింది. టైల్స్, రంగులు, తలుపుల దగ్గర కాస్త చవక రకం వాడి సర్దుకోవచ్చా?

జవాబు: సర్దుకోలేరు. ఆ మూడూ కలిపి మొత్తం ఖర్చులో 20 శాతం ఉన్నాయనుకున్నా, వాటిలో నాలుగో వంతు కోస్తే మిగిలేది 5 శాతమే. పైగా పిల్లలు రోజూ తోసే తలుపు, రోజూ నడిచే నేల కొద్దేళ్లకే మళ్లీ మరమ్మతుకొస్తాయి. ముందు చూడాల్సింది చదరపు మీటర్లు.

ప్లాన్ ముందు పెట్టుకుని గదుల లోపలి విస్తీర్ణాలన్నీ కూడండి. అది 1,000 చదరపు మీటర్లు అనుకుందాం. భవనం మొత్తం విస్తీర్ణం 1,500 ఉంటే, ప్రతి మీటరు గదికి ఇంకో అర మీటరు వరండాలకు, మెట్లకు, గోడల మందానికి పోతోందన్నమాట. ఈ నిష్పత్తి 1.5. జాగ్రత్తగా గీస్తే 1.35కు రావచ్చు. ప్రవేశం దగ్గర రెండంతస్తుల ఎత్తు హాలు, ఎవరూ నిలబడని మలుపులు, మెట్ల ముందు ఖాళీలు ముందుగా పోవాలి. మెట్ల సంఖ్య, వెడల్పు మాత్రం ముట్టుకోవద్దు. అగ్నిప్రమాదం జరిగితే పిల్లలు బయటపడే దారి అదే.

తర్వాత టైమ్‌టేబుల్ తీయండి. రెండు సైన్సు ల్యాబులు అడిగారనుకుందాం. ల్యాబు వాడే సెక్షన్లు 6, ఒక్కో సెక్షనుకు వారానికి 4 పీరియడ్లు అయితే మొత్తం 24. వారానికి 40 పీరియడ్లున్న బడిలో ఒక ల్యాబుకే ఇంకా 16 ఖాళీ. రెండోది తీసేస్తే గదుల్లో 80 మీటర్లు తగ్గి 920 అవుతుంది. దాన్ని 1.35తో గుణిస్తే 1,242. మొదటి 1,500తో పోలిస్తే 17 శాతం తక్కువ. ఖర్చు సరిగ్గా అంతే తగ్గదు. మరుగుదొడ్లు, మెట్లు, కరెంటు కనెక్షన్ ఎలాగూ ఉంటాయి కదా. అయినా రంగులు మార్చి ఇంత మిగల్చడం ఎవరి తరమూ కాదు.

ప్రశ్న: వరండాకు ఒకే వైపు గదులు పెట్టాలా, రెండు వైపులా పెట్టాలా? ఏది చవక?

జవాబు: లెక్కకైతే రెండు వైపులా పెట్టడమే చవక. గది 8 మీటర్ల పొడవు, వరండా 2.4 మీటర్ల వెడల్పు అయితే ఒక్కో గది మీద పడే వరండా 19.2 చదరపు మీటర్లు. రెండు వైపులా గదులుండి, నడవా 3 మీటర్లు పెట్టినా ఒక్కో గది వాటా 12 మాత్రమే. 12 గదులకు 86 మీటర్లు మిగులుతాయి. కానీ గాలి ఒక వైపు నుంచి ఇంకో వైపుకు ఆడదు, నడవాలో పగలే లైట్లు వెయ్యాలి, ఒక గది గోల ఎదురు గదికి వినిపిస్తుంది. వేడి ప్రాంతాల్లో మేమైతే ఒకే వైపు గదులకే మొగ్గుతాం.

అందులోనూ పొదుపుకు చోటుంది. 7×8 గదిని 7 మీటర్ల వైపు వరండాకు తిప్పితే గదికి 2.4 చదరపు మీటర్ల వరండా తగ్గుతుంది. అయితే అడ్డంగా దాటే బీమ్ 7కు బదులు 8 మీటర్లవుతుంది. మీటరుకు అంతే బరువున్నా బీమ్‌ను వంచే బలం పొడవు వర్గాన్ని బట్టి పెరుగుతుంది: 64ను 49తో భాగిస్తే 1.3, అంటే 30 శాతం ఎక్కువ. వరండాలో మిగిలింది ఇనుములో పోవచ్చు. స్ట్రక్చరల్ ఇంజినీరు రెండు రకాలుగానూ లెక్క కట్టాకే తేల్చుకోండి.

ఇక పిల్లర్లు, బీమ్‌లు రెండు మూడు సైజుల్లోనే ఉంటే సెంట్రింగ్ పలకలు (కాంక్రీటు పోసే అచ్చులు) కోయకుండా పై అంతస్తుకు మళ్లీ వాడతారు. కాంక్రీటు కాస్త ఎక్కువ పట్టినా చాలాసార్లు ఇదే లాభం. కిటికీలకూ అదే సూత్రం. మరుగుదొడ్లు ఒకదానిపై ఒకటి రావాలి. లేకపోతే కింది తరగతి గది కప్పులో పైపులు పరుగెత్తుతాయి, ఏదో ఒకరోజు కారతాయి.

ప్రశ్న: స్థలం ఉచితంగా వస్తోంది, కానీ రోడ్డు కంటే దాదాపు 90 సెంటీమీటర్లు పల్లం. తీసుకోవచ్చా?

జవాబు: ఉచితమో కాదో లెక్కేస్తే తెలుస్తుంది. 40×50 మీటర్ల జాగా 90 సెంటీమీటర్లు మెరక చేయాలంటే గట్టిపడ్డాక 1,800 ఘనపు మీటర్ల మట్టి ఉండాలి. వదులు మట్టి అణుగుతుంది కాబట్టి పాతిక శాతం కలుపుకుంటే 2,250. టిప్పరుకు 10 ఘనపు మీటర్ల చొప్పున 225 ట్రిప్పులు. దాన్ని 20 సెంటీమీటర్ల పొరలుగా పరిచి, తడిపి, రోలరు తిప్పాలి. ఒకేసారి గుమ్మరించి పైపైన తొక్కిస్తే రెండు వానాకాలాలు గడిచేలోపు నేల కుంగి, గచ్చు పగిలి, డ్రైనేజీ పైపు వాలు చెడుతుంది. పునాది మాత్రం మెరక మట్టి మీద ఆగకూడదు, కింద అసలు నేలదాకా దిగాలి. అంటే ప్రతి పిల్లరూ భూమిలో ఇంకో 90 సెంటీమీటర్లు పొడవు. ఇవన్నీ వేశాక వచ్చిన మొత్తాన్ని, డబ్బిచ్చి కొనే మెరక స్థలం ధరతో పోల్చండి.

ఏ స్థలమైనా ప్లాన్ ఖరారు కాకముందే సాయిల్ టెస్ట్ జరగాలి, టెండరు పిలిచాక కాదు. భవనం మూలల్లో, మధ్యలో బోర్లు వేసి, పునాది అడుగు నుంచి దాని వెడల్పుకు కనీసం ఒకటిన్నర రెట్ల లోతు చూడాలి. వానాకాలంలో నీళ్లు ఎంత పైకొస్తాయో రాయించండి. నల్లరేగడి లాంటి ఉబ్బే నేలైతే మామూలు పునాది పనికిరాదు, అండర్‌రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బెత్తుగా ఉండే, లోతుకు దిగే కాంక్రీటు స్తంభాలు) లాంటివి కావాల్సి రావచ్చు. ఆ సంగతి గుంత తవ్వాక తెలిస్తే బేరమాడే వీలు మీకు ఉండదు.

స్థలం వాలుగా ఉంటే భవనం పొడవును వాలుకు అడ్డంగా పెట్టండి. 10 మీటర్లకు 1 మీటరు దిగే నేలలో 8 మీటర్ల వెడల్పు భవనం అలా పెడితే ఎత్తు తేడా 80 సెంటీమీటర్లు. అదే 50 మీటర్ల పొడవును వాలు వెంట పెడితే 5 మీటర్లు.

ప్రశ్న: అందరికంటే తక్కువ టెండరు వేసినవారికే పని ఇస్తే ఖర్చు తగ్గినట్టేనా?

జవాబు: మొత్తం అంకె ఒక్కటే చూస్తే మోసపోతారు. టెండరు షెడ్యూల్లో, అంటే పనులు, వాటి పరిమాణాల పట్టికలో, బండ తవ్వకం 20 ఘనపు మీటర్లే రాశారనుకోండి. నేల సంగతి తెలిసిన కాంట్రాక్టరు దానికి మామూలు కంటే 5 రెట్లు రేటు వేసి, రంగులకు తక్కువ వేసి మొత్తాన్ని కిందికి దించుతాడు. తవ్వితే 200 మీటర్లు తేలుతుంది, బిల్లు ఎక్కడికో పోతుంది. ఇంకో పద్ధతి: పునాది ఐటమ్స్‌కు రేట్లు పెంచి, చివరి పనులకు తగ్గించడం. డబ్బు మొదట్లోనే చేతికొస్తుంది, తర్వాత పని నష్టం కాబట్టి నత్తనడక పడుతుంది. అందుకే ప్రతి ఐటమ్ రేటునూ మీ అంచనా పక్కన పెట్టి చూడండి. పరిమాణం ఒక హద్దు దాటితే, 25 శాతం అనుకోండి, ఆ పైభాగానికి రేటు మళ్లీ తేల్చాలని ఒప్పందంలో ముందే రాయండి.

సైకిల్ షెడ్డు, ఆవరణలో రాళ్ల పరుపు లాంటివి అసలు పనిలో కలపకుండా, వరుసక్రమంలో విడి ధరలు అడగండి. నిధులు ఎంతవరకు వస్తే అంతవరకు కలుపుకోవచ్చు.

ప్రశ్న: అనుకోని ఖర్చులకు ఎంత పక్కన పెట్టాలి? పై అంతస్తు తర్వాత వేసుకునేలా ఇప్పుడే పునాది వేయాలా?

జవాబు: నమూనా ప్లాన్ దశలో 10 నుంచి 15 శాతం, డ్రాయింగులన్నీ పూర్తయి టెండరుకు వెళ్లేటప్పటికి 5 శాతం ఉండాలి. బెంచీలు, నీటి కనెక్షన్, ప్రహరీ, డిజైన్ ఫీజులు ఇందులోంచి తీసేవి కావు, వాటిని విడిగా రాయండి. ప్రహరీ మరిచిపోయిన అంచనాలు మీరనుకునేదానికంటే ఎక్కువే.

పై అంతస్తు పదేళ్లలోపు ఖాయమైతేనే పునాది, పిల్లర్లు దానికి తగ్గట్టు వేయండి. వేస్తే పైకి వదిలిన కమ్మీలను సిమెంటు పూతతోనో, బలం తక్కువ కాంక్రీటు దిమ్మెతోనో కప్పాలి. ఊరికే వదిలేస్తే తుప్పు పడతాయి. మెట్లు ఎక్కడికి పెరుగుతాయో, పై మరుగుదొడ్ల పైపులు ఎక్కడ దిగుతాయో కూడా ఇప్పుడే గీయించండి.