టెక్ సందేహాలు: రెండు వేల రూపాయల కారు పాలిషర్ కొనొచ్చా?

ప్రశ్న: సర్, నాది ఐదేళ్ల నాటి నల్ల స్విఫ్ట్. ఎండలో చూస్తే బానెట్ నిండా సాలెగూడులా సన్న గీతలు. డిటైలింగ్ షాపులో అడిగితే పాలిషింగ్‌కి రూ. 4,500 చెప్పారు. ఆన్‌లైన్‌లో 1,200 వాట్ల కార్ పాలిషర్ రూ. 2,199కే ఉంది, ప్యాడ్లు ఫ్రీ. ఫొటో పంపుతున్నాను. ఒకసారి కొంటే ఎన్నేళ్లయినా వాడుకోవచ్చు కదా అని మా బావమరిది అంటున్నాడు. కొనమంటారా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ఫొటోలో ఉన్నది రోటరీ మెషిన్. అది కొనకండి. ఇంకొంచెం డబ్బు పెట్టి డ్యూయల్ యాక్షన్ రకం, అంటే షాపులవాళ్లు డీఏ అనేది, తీసుకోగలిగితే అప్పుడు ఆలోచించొచ్చు. అదీ మీకు ఆదివారం పూట కారుతో కుస్తీ పట్టే సరదా ఉంటేనే.

కారు మీద కనిపించే మెరుపంతా క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పై పొరది. కంపెనీ నుంచి వచ్చిన కారుకు ప్రైమరు, రంగు, క్లియర్ కోట్ అన్నీ కలిపి మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). అందులో క్లియర్ కోట్ వాటా 40, 50 మైక్రాన్లే. మన తల వెంట్రుక 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. మీరు చూస్తున్న గీతలు ఈ పై పొరలోనే పడ్డాయి. పాలిష్ చేస్తే గీతలు పూడిపోతాయని చాలామంది అనుకుంటారు. నిజానికి గీత అడుగు ఎంత లోతుంటే చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ని అంతవరకూ అరగదీస్తారు. అందుకే కారు జీవితకాలంలో ఈ పని గట్టిగా చేయగలిగేది కొన్నిసార్లే. ఏటా పండక్కి సున్నం వేసినట్టు చేసే పని కాదిది.

రోటరీలో ప్యాడు ఒకే ఇరుసు మీద గిరగిరా తిరుగుతుంది. పని తొందరగా అవుతుంది, వేడి కూడా అంతే తొందరగా ఒకేచోట పుడుతుంది. చెయ్యి క్షణం ఆగినా, ప్యాడు అంచు మీద వాలినా రంగు కాలుతుంది. బానెట్ మడతలు, డోర్ అంచులు, వీల్ ఆర్చ్‌ల దగ్గర రంగు అసలే పల్చగా ఉంటుంది కాబట్టి ముందు పోయేది అక్కడే. పోనీ కాలకుండా చేశారనుకోండి, అలవాటు లేని చేతికి హోలోగ్రామ్‌లని పిలిచే తోకల్లాంటి మరకలు మిగులుతాయి. నల్ల కారు మీద అవి ఎండలో మరీ ఎబ్బెట్టుగా కనిపిస్తాయి. ఏళ్ల తరబడి రోటరీ పట్టిన పనివాళ్ల చేతిలో అదే మెషిన్ అద్భుతాలు చేస్తుంది, ఆ మాట వేరే. చవక మెషిన్లతో ఇంకో చిక్కు వేగం. పాలిషింగ్‌కి నిమిషానికి వెయ్యి నుంచి 1,800 చుట్ల మధ్య చాలు. కొన్ని చవక రకాలు కనిష్ఠ వేగంలోనే అంతకంటే ఎక్కువ తిరుగుతాయి. స్విచ్ నొక్కగానే ఎగిరి దూకుతాయి. నెమ్మదిగా మొదలయ్యే సాఫ్ట్ స్టార్ట్ వాటిలో ఉండదు.

డీఏలో ప్యాడు తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగే వెడల్పు 8, 15, 21 మిల్లీమీటర్లుగా దొరుకుతుంది. కొత్తవాళ్లకి 8 గానీ 15 గానీ నయం. గట్టిగా నొక్కితే, అంచు మీద పడితే ప్యాడు తిరగడం ఆగిపోయి ఊగడం మాత్రమే మిగులుతుంది. కొత్తవాళ్లకి దీన్ని మించిన రక్షణ లేదు. కాకపోతే చవక డీఏలు చిన్న ఒత్తిడికే ఆగిపోతాయి, అప్పుడు గీతలూ పోవు. కొనేముందు కనిపెట్టే ఉపాయం ఒకటుంది. ప్యాడు వెనక ఉండే ప్లేటు మీద మార్కర్‌తో ఒక గీత గీసి, మెషిన్ ఆన్ చేసి దేనికైనా మామూలుగా ఆనించి నొక్కండి. గీత చుట్టూ తిరుగుతున్నట్టు కనిపిస్తే పర్వాలేదు. ఒకేచోట వణుకుతుంటే దాన్ని అక్కడే పెట్టేసి రండి.

ఈ పరీక్ష ఆన్‌లైన్‌లో కుదరదు కాబట్టే రాణిగంజ్‌లోనో ట్రూప్ బజార్‌లోనో మెషిన్ టూల్స్ షాపుకి వెళ్లమంటాను. చేత్తో పట్టుకుని బరువు చూసుకోవచ్చు, కార్బన్ బ్రష్‌లు, అంటే మోటారు లోపలికి కరెంటు అందించే చిన్న బొగ్గు ముక్కలు, విడిగా దొరుకుతాయో లేదో అడగొచ్చు. చవక పాలిషర్లలో సాధారణంగా ఉండేది బ్రష్ మోటారే. ఆ చిన్న బొగ్గు ముక్కలు అరిగిపోయినప్పుడు కొత్తవి దొరక్కపోతే మెషిన్ మొత్తం తుక్కే. మీ బావమరిది గారు అంటున్న ఎన్నేళ్లయినా అన్నది ఆ బొగ్గు ముక్కల మీదే ఆధారపడి ఉంది.

వాట్లు చూసి మురిసిపోకండి. డబ్బా మీద రాసింది కాదు, మెషిన్‌కి అతికించిన ప్లేటు మీద రేటెడ్ ఇన్‌పుట్, అంటే మెషిన్ లాగే కరెంటు, ఎన్ని వాట్లుందో చూడండి. 230 వోల్టుల దగ్గర 1,200 వాట్లంటే ఐదు ఆంపియర్లకు పైనే. వైరు చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్ తీగలా సన్నగా ఉంటే ఏదో ఒకటి అబద్ధమన్నమాట. చదరంలో ఇంకో చదరం ఉన్న గుర్తు ఉందో లేదో కూడా చూడండి, అది డబుల్ ఇన్సులేషన్‌కి, అంటే షాక్ కొట్టకుండా ఉండే రెండు పొరల రక్షణకి గుర్తు. కడిగిన కారు, తడి నేల, సెల్లార్, ఎక్స్‌టెన్షన్ బోర్డు, ఈ నాలుగూ కలిసేచోట ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే లైను కట్ చేసే స్విచ్, ఉన్న లైను మీదే పని చేయాలి. సెల్లార్‌లోని కామన్ ప్లగ్ పాయింట్‌లో పెట్టేముందు అసోసియేషన్ ప్రెసిడెంట్ గారికి ఒక మాట చెప్పండి. మోటారు శబ్దం కంటే ఆ గొడవ ఎక్కువ వినిపిస్తుంది.

ఖర్చు రూ. 2,199తో ఆగదు. ఫ్రీ అని ఇచ్చే ప్యాడ్లలో ఏది గీతలు అరగదీయడానికి, ఏది చివర్లో మెరుపు తేవడానికి అన్నది తెలియదు. వాటిని పక్కన పెట్టి రెండు మూడు మంచి ఫోమ్ ప్యాడ్లు, గీతలు అరగదీసే కాంపౌండు, మెరుపు తెచ్చే ఫినిషింగ్ పాలిష్, మైక్రోఫైబర్ బట్టలు, రంగుకి అతుక్కున్న మురికిని లాగేసే మట్టి ముద్ద లాంటి క్లే బార్, మాస్కింగ్ టేపు కొనాలి. ఇవన్నీ కలిపితే మెషిన్ ధర దాటినా ఆశ్చర్యం లేదు. ఒక్క కారు కోసమైతే షాపువాడి రూ. 4,500 అన్యాయమేమీ కాదు. అన్నదమ్ములకో ఫ్రెండ్స్‌కో కలిపి మూడు నాలుగు కార్లుంటే డీఏ లెక్క మీవైపు తిరుగుతుంది.

కొన్నారే అనుకోండి, ముందు కారుని శుభ్రంగా కడిగి, క్లేతో రుద్ది, ప్లాస్టిక్ భాగాలకి, అంచులకి టేపు వేయండి. ఎండలో కాగిన బానెట్ మీద అసలు పెట్టకండి, కాంపౌండు అక్కడికక్కడే ఎండిపోతుంది. మొదట అన్నిటికంటే మెత్తని ప్యాడు, మెత్తని పాలిష్‌తో రెండడుగుల చదరంలో చేసి చూడండి. దాంతో పని అయితే అంతకంటే గట్టిది ముట్టుకోవద్దు. గోరుతో అడ్డంగా గీరితే తగిలే గీతని మాత్రం వదిలేయండి, అది పాలిష్‌తో పోయే లోతు కాదు. కారు మీద సెరామిక్ కోటింగ్ వేయించి ఉంటే పాలిష్‌తో అదీ ఊడిపోతుంది. మ్యాట్ ఫినిష్ కార్లకి ఈ పని అసలే పనికిరాదు.

ఇంతకీ ఆ సాలెగూడు ఎలా వచ్చిందో మీరు అడగలేదు. ఆ గీతలు నిజానికి గుండ్రంగా లేవు. అన్ని దిక్కులకీ అడ్డదిడ్డంగా ఉన్నాయి. సూర్యుడి ప్రతిబింబం చుట్టూ ఉన్నవాటిలో వెలుగుకి అడ్డంగా పడ్డవే మెరుస్తాయి కాబట్టి వలయాల్లా కనిపిస్తాయి. వాటిని గీసేది పొద్దున్నే ఒక బకెట్టు, ఒకే గుడ్డతో సెల్లార్‌లోని ఇరవై కార్లు తుడిచే అబ్బాయి. తప్పు అతనిది కాదు, నెలకి మనం ఇచ్చే డబ్బులకి అంతకంటే నీళ్లూ గుడ్డలూ రావు. మన హైదరాబాద్ నేల గ్రానైట్, రోడ్డు ధూళిలో క్వార్ట్జ్ రేణువులుంటాయి. క్లియర్ కోట్ దాని ముందు చాలా మెత్తన. పొడి ధూళి మీద గుడ్డ లాగితే గీత పడక మానదు. దుమ్ము ముందు నీళ్లతో పోగొట్టి, షాంపూ నీళ్లలో ముంచిన మైక్రోఫైబర్ మిట్‌తో (చేతికి తొడుక్కునే మెత్తని తొడుగు) తుడవమనండి, లేకపోతే రోజూ తుడవొద్దని చెప్పి వారానికోసారి మీరే కడుక్కోండి. బోరు నీళ్లయితే ఆరనివ్వకుండా తుడిచేయాలి, కాల్షియం తెల్ల మచ్చలు కడతాయి. ఇది సరిచేయకుండా రూ. 4,500 పెట్టినా, పాలిషర్ కొన్నా వచ్చే వేసవికి బానెట్ మళ్లీ ఇలాగే ఉంటుంది.

ప్రశ్న: ఇంట్లో యాంగిల్ గ్రైండర్ ఉంది. దానికి స్పాంజ్ ప్యాడ్ బిగిస్తే పాలిషర్ అయిపోతుందని వీడియోలో చూశాను. డ్రిల్లింగ్ మెషిన్‌కి కూడా అటాచ్‌మెంట్లు ఉన్నాయట.
– ఉప్పల్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: గ్రైండర్‌తో వద్దేవద్దండి. మామూలు నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది. స్పాంజ్ ప్యాడు ఆ వేగానికి తయారైనది కాదు, చిరిగి ఎగిరిపోవచ్చు. అంతలోపే రంగు పోతుంది. వేగం తగ్గించే నాబ్ ఉన్న గ్రైండర్లలో కూడా కనిష్ఠం పాలిషింగ్‌కి ఎక్కువే. డ్రిల్ కొంత నయం, ట్రిగ్గర్‌తో నెమ్మదిగా తిప్పొచ్చు. కానీ డ్రిల్ బేరింగులు ముందుకి తోసే ఒత్తిడికి చేసినవి, ప్యాడుతో పక్కకి నొక్కితే చక్ వదులైపోతుంది. పసుపు పట్టిన హెడ్‌లైట్లు రుద్దుకోవడం వరకూ డ్రిల్ చాలు, ఆ పని బాగానే అవుతుంది. బానెట్ జోలికి వెళ్లకండి.

ప్రశ్న: 98 వీఎఫ్ బ్యాటరీ అని రాసిన కార్డ్‌లెస్ పాలిషర్ చూశాను, వైరు టెన్షన్ ఉండదు కదా. పేరున్న కంపెనీలవి 18, 20 వోల్టులే, ఇది 98 అయితే ఎక్కువ పవర్ అన్నట్టేనా?
– ఎల్బీ నగర్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: వీ పక్కన ఉన్న ఎఫ్ చూశారా? అది వోల్టులు కావు, అమ్మేవాళ్లు పెట్టుకున్న అంకె. ఇలాంటి ప్యాకుల్లో సాధారణంగా ఉండేవి ఐదు లిథియం సెల్స్. ఒక్కోటి నిండా ఛార్జి అయితే 4.2 వోల్టులు, ఐదూ కలిపి 21. పేరున్న కంపెనీల 20 వోల్టుల మెషిన్ కూడా అంతే. 48 వీఎఫ్, 128 వీఎఫ్ అని రాసినవాటిలోనూ ఇదే కథ. పాలిషింగ్ అంటే గంటల తరబడి ఆగకుండా లోడు మీద నడిచే పని. చిన్న ప్యాకు బానెట్ పూర్తయ్యేలోపే చేతులెత్తేయొచ్చు. మైనం పూయడానికి, తుడవడానికి పర్వాలేదు. ఏది కొన్నా ఆ బ్యాటరీని మాత్రం డిక్కీలో వదిలేయకండి. మన ఎండాకాలంలో బయట 42 డిగ్రీలున్నప్పుడు, ఎండలో నిలిపిన కారు లోపల 60 దాటుతుంది. లిథియం సెల్స్‌కి అది ప్రమాదకరం.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నాను. రంగు మందం కొలిచే మొబైల్ యాప్ ఏదైనా చెప్పండి.
– మియాపూర్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఫోన్‌లో అంత సన్నని కొలత తీసుకునే సెన్సరే లేదు, కాబట్టి కెమెరాతో కొలుస్తామనే యాప్‌లని నమ్మకండి. చేతిలో పట్టే పెయింట్ థిక్‌నెస్ గేజ్ అనే మీటర్ వేరే దొరుకుతుంది. స్టీలు మీద అయస్కాంత పద్ధతిలో, అల్యూమినియం మీద ఎడ్డీ కరెంట్ పద్ధతిలో కొలుస్తుంది. డోర్లు 120 మైక్రాన్లు చూపిస్తూ ఒక్క ఫెండర్ మాత్రం 300 దాటితే అక్కడ మళ్లీ రంగు వేశారని అర్థం, ఇంకా ఎక్కువైతే కింద పుట్టీ ఉన్నట్టే. బంపర్లు ప్లాస్టిక్ కాబట్టి వాటి మీద ఈ మీటర్ ఏమీ చెప్పదు. ఆ రెండింటినీ ఎండలో పక్క ప్యానెల్‌తో రంగు కలిసిందో లేదో కంటితోనే చూసుకోవాలి.