తెరుచుకుంటే ఆగేది, తెరుచుకుంటే పారేది

సందేహం: టర్బైన్ కంట్రోల్ సిస్టమ్‌లో ఉండే డిజిటల్ అవుట్‌పుట్ మాడ్యూళ్ల (కంట్రోలర్ ఆదేశాలను పరికరాలకు ఆన్, ఆఫ్ రూపంలో అందించే భాగాల) గురించి ఆపరేటర్ల కోసం తెలుగులో చిన్న పుస్తకం రాస్తున్నాను. "ట్రిప్ రిలే కాంటాక్టు తెరుచుకోగానే స్టాప్ వాల్వ్ మూసుకుంటుంది" అని రాశాను (ట్రిప్ రిలే అంటే ప్రమాదంలో టర్బైన్‌ను ఆపించే విద్యుత్ స్విచ్, కాంటాక్టు అంటే అందులో కలిసి విడిపోయే మొనలు, స్టాప్ వాల్వ్ అంటే టర్బైన్‌కు వెళ్లే ఆవిరిని ఆపే వాల్వ్). చదివిన మిత్రుడు "తెరుచుకుంటే మూసుకోవడమేమిటి, అచ్చుతప్పా?" అన్నారు. వాక్యం తప్పేనా? 'నార్మల్లీ ఓపెన్'కి 'సాధారణంగా తెరిచి ఉండే' అంటే చాలా? 'డిజిటల్ అవుట్‌పుట్'ని 'అంకాత్మక నిర్గమం' అనాలని ఇంకొకరి సలహా. ఏం చేయమంటారు?

సమాధానం: వాక్యంలో విషయం తప్పు లేదు. మీ మిత్రుడు తడబడటంలోనూ తప్పు లేదు. వాల్వ్ తెరుచుకుంటే ఆవిరి పారుతుంది, కాంటాక్టు తెరుచుకుంటే కరెంటు ఆగుతుంది. ఒకే క్రియ రెండు చోట్ల ఎదురెదురు ఫలితాలిస్తోంది. రెండూ ఒకే వాక్యంలో పడితే ఎవరైనా రెండోసారి చదవాల్సిందే.

నిజానికి వాడుక భాష ఈ చిక్కును ఎప్పుడో విప్పుకుంది. తలుపు వేయి అంటే మూయమని, స్విచ్ వేయి అంటే కరెంటు పారనిమ్మని. తలుపు తీయి అంటే తెరవమని, కరెంటు తీసేశారంటే సరఫరా ఆపారని. సర్క్యూట్ మూసుకుంటేనే కరెంటు పారుతుందన్న సంగతి పాఠం చదవని వాళ్ల నోట కూడా 'వేయి', 'తీయి' సరిగ్గానే పడుతున్నాయి. అలాగని వీటిని మీ పుస్తకంలోకి ఎక్కించకండి. "మూడో అవుట్‌పుట్ తీసేయండి" అని రాస్తే ఒకరు ఆపుతారు, ఇంకొకరు వైరు ఊడదీస్తారు, మరొకరు ఏకంగా మాడ్యూల్నే పీకుతారు. నడుస్తున్న టర్బైన్ మీద ఈ ప్రయోగం మనకెందుకు?

నా సలహా ఇది. తెరుచుకోవడం, మూసుకోవడం వాల్వులకే వదిలేయండి. కాంటాక్టుకు కలవడం, విడిపోవడం వాడండి. రిలేకు పట్టుకోవడం, వదిలేయడం ఉన్నాయి: లోపలి తీగచుట్టకు (కాయిల్‌కు) కరెంటు వస్తే పట్టుకుంటుంది, ఆగితే వదిలేస్తుంది. పనివాళ్లకు అలవాటైన మాటలే. అప్పుడు మీ వాక్యం ఇలా అవుతుంది: "ట్రిప్ రిలే వదిలేయగానే కాంటాక్టు విడిపోతుంది, సోలినాయిడ్‌కు కరెంటు ఆగుతుంది, ట్రిప్ ఆయిల్ ఒత్తిడి పడిపోయి, స్ప్రింగ్ బలంతో స్టాప్ వాల్వ్ మూసుకుంటుంది." (సోలినాయిడ్ అంటే కరెంటుతో పనిచేసే విద్యుదయస్కాంతం, ట్రిప్ ఆయిల్ అంటే తన ఒత్తిడితో స్టాప్ వాల్వును తెరిచి ఉంచే నూనె.) పొడవు పెరిగింది, పెరగనివ్వండి. మీ మొదటి వాక్యం మధ్యలో మింగేసిన రెండు మెట్లూ బయటికొచ్చాయి. మీ టర్బైన్‌లో ఆ మెట్లు వేరుగా ఉంటే వాటినే రాయండి.

'నార్మల్లీ ఓపెన్' దగ్గర ఇంకాస్త ఆగాలి. ఇక్కడ 'నార్మల్' అంటే రిలే కాయిల్‌కు కరెంటు లేని స్థితి. రోజూ ఉండే స్థితి అని కాదు. ట్రిప్ సర్క్యూట్లను చాలాచోట్ల కరెంటు పోతే టర్బైన్ ఆగేలా కడతారు. వైరు తెగినా, సప్లై పోయినా యంత్రం ఆగే వైపే మొగ్గాలన్నది అందులోని ఆలోచన. కాబట్టి టర్బైన్ నడుస్తున్నంతసేపూ ట్రిప్ రిలే పట్టుకునే ఉంటుంది. దాని 'నార్మల్లీ ఓపెన్' కాంటాక్టు నెలల తరబడి కలిసే ఉండవచ్చు. దాన్ని పట్టుకుని 'సాధారణంగా తెరిచి ఉండే' అంటే ఆపరేటర్ కళ్లముందున్నదానికి మీ పుస్తకం అడ్డం తిరుగుతుంది. 'కాయిల్‌కు కరెంటు లేనప్పుడు విడిగా ఉండే కాంటాక్టు' అని ఒకసారి వివరించి, ఆ తర్వాత ఎన్.ఓ. అనే రాయండి. టెర్మినల్ మీద కనిపించేవీ ఆ అక్షరాలే.

అడగకపోయినా ఒక మాట. "అవుట్‌పుట్ వచ్చింది" అని రాసే ముందు ఎక్కడికి వచ్చిందో చూసుకోండి. మాడ్యూల్ మీద దీపం వెలిగితే చాలాసార్లు తెలిసేది కంట్రోలర్ ఆదేశం అందిందని మాత్రమే. ఫ్యూజు పోయి ఉంటే కాంటాక్టు కలిసినా సోలినాయిడ్‌కు ఏమీ చేరదు. కాంటాక్టు మొనలు అతుక్కుపోయి ఉంటే దీపం ఆరినా కరెంటు పారుతూనే ఉంటుంది. 'ఆదేశం వచ్చింది', 'కాంటాక్టు కలిసింది', 'సోలినాయిడ్‌కు వోల్టేజి చేరింది' – ఈ మూడింటికీ మూడు వాక్యాలుండాలి.

'అంకాత్మక నిర్గమం' వద్దు. ఆ వైరులో అంకెలేవీ ప్రయాణం చేయవు; 24 వోల్టులో 125 వోల్టులో ఉన్నాయా లేవా, అంతే కథ. డిజిటల్ అవుట్‌పుట్ అనే ఉంచండి, ప్యానెల్ ముందు నిలబడ్డవారికి అర్థమయ్యేది అదే. అనువాద ఉత్సాహంలో 'డ్రై కాంటాక్టు'ని 'పొడి కాంటాక్టు' చేసేవాళ్లూ ఎదురవుతారు, జాగ్రత్త. తడికీ పొడికీ దానితో పనిలేదు. తనంతట తాను వోల్టేజి ఇవ్వకుండా కలపడం, విడదీయడం మాత్రమే చేసే కాంటాక్టు అది. పేరు అలాగే ఉంచి, వోల్టేజి బయటినుంచి ఇవ్వాలని పక్కనే ఒక ముక్క రాయండి.